గెట్ స్మార్ట్ 2008: పాత సిరీస్ అభిమానులకి ఎక్కడ తేడా కొట్టింది?

వెండితెర_వీధి:
అందరికీ నమస్కారం. పీటర్ సీగల్ తీసిన 2008 నాటి గూఢచారి కామెడీ 'గెట్ స్మార్ట్' నాకు బాగానే నచ్చింది. స్టీవ్ కారెల్, యాన్ హాథవే జోడీ, చీఫ్‌గా అలన్ ఆర్కిన్, విమానంలోంచి కిందపడే సీను, అన్నీ కుదిరాయి. డబ్బులూ వచ్చాయి: దాదాపు 8 కోట్ల డాలర్ల ఖర్చుతో తీస్తే ప్రపంచమంతా కలిపి 23 కోట్లు దాటింది. కానీ 1965లో మొదలైన టీవీ సిరీస్‌ని ప్రేమించేవాళ్ల మధ్య మాత్రం ఈ సినిమా గురించి ఇప్పటికీ పడదు. కొందరు హీరో మ్యాక్స్‌ని చూసి "ఇతను మా మ్యాక్స్ కాదు" అంటారు. కొందరు "పాతదాన్ని ఇంత గౌరవంగా తీసినవాళ్లు తక్కువ" అంటారు.

సిరీస్ బాగా తెలిసినవాళ్లకి మూడు ప్రశ్నలు. సిరీస్‌లో ఉండి సినిమాలో లేనిది సరిగ్గా ఏమిటి? "ఆ ఫీల్ లేదు" అని కాకుండా, ఫలానా సీనులో ఫలానాది అని చెప్పండి. రెండోది, పాత సిరీస్‌కి గుర్తుగా సినిమాలో ఏమేం పెట్టారు, ఎక్కడ చూడాలి? మూడోది, సిరీస్ మొత్తం 138 ఎపిసోడ్లు. సినిమాతో పోల్చి చూడాలంటే అందులో ఏవి ఏరుకోవాలి?

నల్లబూటు:
వీధి గారూ, మొదటి ప్రశ్నకి సూటిగా చెబుతాను. సిరీస్‌లో మ్యాక్స్‌కి తన మీద తనకి ఆవగింజంత అనుమానం కూడా ఉండదు. సినిమాలో మ్యాక్స్‌కి లేనిది అనుభవం. ఈ రెండూ ఒకటి కావు. మిగతా తేడాలన్నీ ఇక్కణ్ణుంచే పుట్టాయి.

డాన్ ఆడమ్స్ చేసిన మ్యాక్స్‌వెల్ స్మార్ట్ కథ మొదలయ్యేసరికే ఏజెంట్ 86. కొత్తవాడు కాదు. గురి తప్పినా, దొంగ చేజారినా ఆ మొహంలో సిగ్గు కనపడదు. వేళ్ల మధ్య కాస్త సందు చూపించి, ఇంతలో తప్పిపోయింది అని ముందుకి పోతాడు. సినిమాలో కారెల్ చేసిన మ్యాక్స్ విశ్లేషకుడు. శత్రువుల మాటలు రహస్యంగా విని పేజీలకి పేజీలు రిపోర్టులు రాస్తాడు. ఫీల్డ్ ఏజెంట్ పరీక్ష పాసవుతాడు కూడా. ఆఫీసు పనికి తప్పనిసరి మనిషి కాబట్టే చీఫ్ ప్రమోషన్ ఇవ్వడు. అంటే ఇతను సమర్థుడు, బయటి పని తెలియనివాడు, అంతే. ఇతనికి తగిలే దెబ్బలన్నీ ప్రమాదాలే. ఆడమ్స్ మ్యాక్స్‌కి తగిలేవి మాత్రం అతని ధీమా తెచ్చిపెట్టినవి.

"పోనీ ఇది నమ్ముతారా" అనే ఆ పేరుమోసిన బేరాన్నే తీసుకోండి. మొదటి ఎపిసోడ్ 'మిస్టర్ బిగ్'లో మ్యాక్స్ విలన్ చేతికి చిక్కుతాడు. ఏడు కోస్ట్‌గార్డ్ ఓడలు మనల్ని చుట్టుముడుతున్నాయి అంటాడు. నమ్మడం కష్టం అంటాడు విలన్. పోనీ ఆరు? అబ్బే. అయితే తెడ్ల పడవలో ఇద్దరు పోలీసులు? నవ్వు ఇక్కడ పేలుతుంది, కానీ దానికి మందు కూరింది మధ్యలో వచ్చిన ఆ "ఆరు". ఏడు నుంచి ఆరుకి దిగడం అర్థంలేని చిన్న తగ్గింపు. అంత చిన్నగా తగ్గించాడంటే ఇంకా గెలుస్తాననే అనుకుంటున్నాడన్నమాట. ఆ తర్వాత ఒక్కసారిగా నేలకి పడిపోతాడు. మొదటి తగ్గింపే పెద్దదైతే మూడోదానికి ఊపు ఉండదు. ఎదుటివాడు కోపంగా కాకుండా మర్యాదగా కాదనడం, మ్యాక్స్ గొంతు మూడుసార్లూ ఒకే స్థాయిలో ఉండటం కూడా అంతే అవసరం. గొంతు కాస్త వణికినా అది భయపడ్డవాడి అబద్ధం అయిపోతుంది.

సినిమాలో ఇదే బేరం విలన్ సీగ్‌ఫ్రీడ్‌తో జరుగుతుంది. చుట్టూ మోహరించిన స్నైపర్ల దగ్గర మొదలై, డెల్టా ఫోర్స్ కమాండోల మీదుగా, చివరికి బొమ్మ తుపాకీలాంటి బీబీ గన్ పట్టుకున్న యాక్షన్ హీరో చక్ నోరిస్ దగ్గర ఆగుతుంది. సరదాగానే ఉంటుంది. కాకపోతే నవ్వు చక్ నోరిస్ పేరుకి వస్తుంది, మ్యాక్స్ పాత్రకి రాదు. ఆ మాట ఎవరు అన్నా అంతే నవ్వుతాం. పాత పడవ జోకు మాత్రం ఆ మొహానికి తప్ప అతకదు.

ఆ పలుకు తీరు సిరీస్ కోసం పుట్టింది కూడా కాదు. అంతకుముందు 'ది బిల్ డానా షో'లో ఆడమ్స్ ఇలాంటి డిటెక్టివ్ వేషమే వేశాడు. పాతకాలం నటుడు విలియం పావెల్ గొంతుని సాగదీసి తన గొంతు చేసుకున్నాడు. అలా ఏళ్ల తరబడి నలిగి పదునెక్కినదాన్ని మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ రాసిన స్క్రిప్టులోకి తెచ్చాడు. 1967 నుంచి వరుసగా మూడేళ్లు ఎమ్మీ అందుకున్నాడంటే ఊరికే కాదు.

శబ్దం బయటికి పోకుండా పైనుంచి దిగే పరికరం, అదే కోన్ ఆఫ్ సైలెన్స్, దాన్నీ ఇలాగే చూడాలి. సిరీస్‌లో అది రెండు పారదర్శక ప్లాస్టిక్ గుమ్మటాలు, మధ్యలో గొట్టం. ఒకటి చీఫ్ తలమీదికి, ఇంకొకటి మ్యాక్స్ తలమీదికి. మెల్లగా దిగుతుంది. లోపల ఒకరి మాట ఒకరికి వినపడదు, అరుచుకుంటారు, బయట నిలబడ్డవాడికి మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. అది పనిచేయదని చీఫ్‌కి తెలుసు. అయినా నిబంధన ప్రకారం వాడాల్సిందే అని మ్యాక్స్ పట్టుబడతాడు. జోకు అంతా ఆ పట్టులో ఉంది. సినిమాలో దాన్ని కాంతి తెరలుగా మార్చారు. గుమ్మటం దిగేంతసేపు చీఫ్ మొహంలో కనిపించే నిస్సహాయత దానితోపాటే పోయింది.

సగంసీను:
నల్లబూటు గారు బేరం గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ దాన్నిబట్టి సినిమాని తప్పుపట్టడం న్యాయం కాదు. సిరీస్ ఎపిసోడ్ నిడివి 25 నిమిషాలు. సినిమా 110 నిమిషాలు. తన తప్పు ఎప్పటికీ తెలుసుకోని మనిషిని 25 నిమిషాలు చూడొచ్చు, వారం తర్వాత మళ్లీ చూడొచ్చు. గంటా యాభై నిమిషాలు ఏకబిగిన చూస్తే, నలభయ్యో నిమిషానికి అతను ఏం చేస్తాడో ప్రేక్షకుడికి ముందే తెలిసిపోతుంది. పాత్ర ఎక్కడో ఒకచోట కదలాలి. రచయితలు టామ్ ఆస్టిల్, మ్యాట్ ఎంబర్ అందుకే అతన్ని బల్ల దగ్గర మొదలుపెట్టి బయటికి తీసుకొచ్చారు.

ఇది ఊహ కాదు, సిరీస్ చరిత్రలోనే రుజువు ఉంది. 1967లో వచ్చిన మూడు భాగాల ఎపిసోడ్ 'ఎ మ్యాన్ కాల్డ్ స్మార్ట్' అసలు థియేటర్ కోసం అనుకున్నది. చివరికి టీవీలోనే మూడు ముక్కలుగా వేశారు. మూడూ కలిపి ఒకేసారి చూడండి, ఎక్కడ సాగుతుందో మీకే తెలుస్తుంది. 1980లో 'ది న్యూడ్ బాంబ్' వచ్చింది. అందులో సాక్షాత్తూ డాన్ ఆడమ్సే మ్యాక్స్. గొంతు అదే, మొహం అదే, బేరాలూ అవే. అయినా నిలబడలేదు. ఎందుకంటే మ్యాక్స్ జోడీ అయిన ఏజెంట్ 99 లేదు, వాళ్లు పనిచేసే కంట్రోల్ అనే గూఢచారి సంస్థ పేరు కూడా మార్చేశారు, చీఫ్ వేసిన ఎడ్వర్డ్ ప్లాట్ 1974లోనే పోయాడు. ఎదురుగా నిలబడి కాదనేవాళ్లు, తల పట్టుకునేవాళ్లు లేకపోతే మ్యాక్స్ ధీమా గాల్లో వేలాడుతుంది. 1989లో టీవీ కోసం తీసిన 'గెట్ స్మార్ట్, ఎగైన్!'లో ఆడమ్స్, బార్బరా ఫెల్డన్ మళ్లీ కలిశారు కాబట్టే అది చాలామందికి నచ్చింది. 1995లో ఫాక్స్ చానల్ మళ్లీ సిరీస్‌గా మొదలుపెడితే ఏడు ఎపిసోడ్లతో ఆగిపోయింది.

ఇంత జరిగాక 2008లో తీసేవాళ్ల ముందున్న దారులు రెండే. ఆడమ్స్ గొంతుని అనుకరించే నటుణ్ణి తేవడం, లేదా పాత్రని కొత్తగా కట్టడం. ఆడమ్స్ 2005లో కన్నుమూశాడు. అప్పుడు అనుకరణ చేసి ఉంటే నిమిషానికోసారి ఆయన గుర్తుకొచ్చేవాడు. కారెల్ ఆ గొంతు జోలికి పోలేదు. నా లెక్కలో సినిమా తీసుకున్న నిర్ణయాల్లో ఇదే అన్నిటికంటే మంచిది.

విమానం టాయిలెట్ సీను చూడండి. చేతులకి ప్లాస్టిక్ కట్లు. మడత కత్తిలో ఇమిడిన బుల్లి విల్లుతో ఆ కట్టు తెంచాలని చూస్తాడు. బాణం కట్టుకి తగలకుండా ఒంటికి గుచ్చుకుంటుంది. మళ్లీ వదులుతాడు, మళ్లీ గుచ్చుకుంటుంది. అంత ఇరుకులో, అరవకుండా నొప్పి భరించడం. ప్రతి బాణానికీ ముందు ఒక్క క్షణం "ఈసారి లెక్క సరిపోయింది" అన్నట్టు కళ్లు చిట్లిస్తాడు. నల్లబూటు గారూ, మీరు లేదంటున్న ధీమా ఆ ఒక్క క్షణంలో ఉంది. మాటల్లోంచి చేతల్లోకి మారింది, అంతే.

అలన్ ఆర్కిన్ సంగతి కూడా చెప్పాలి. ఈ సిరీస్ పుట్టిందే జేమ్స్ బాండ్‌నీ, సినిమాల్లో తిక్క డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ క్లూసోనీ కలిపితే ఎలా ఉంటుందనే ఆలోచనలోంచి. 1968లో వచ్చిన 'ఇన్‌స్పెక్టర్ క్లూసో' సినిమాలో క్లూసో వేసింది ఆర్కినే. నలభై ఏళ్ల తర్వాత అదే నటుణ్ణి ఇటు తిప్పి, తిక్క పనులు భరించే చీఫ్‌గా కూర్చోబెట్టడం నాకెంతో ఇష్టమైన విషయం.

మలుపుదారి:
మ్యాక్స్ గురించి మీరిద్దరూ ఎంతైనా వాదించుకోండి. సినిమాకి పెద్ద నష్టం సీగ్‌ఫ్రీడ్ దగ్గర జరిగింది.

సిరీస్‌లో బెర్నీ కోపెల్ చేసిన సీగ్‌ఫ్రీడ్, కేయాస్ అనే దుష్టసంస్థలో ఉద్యోగి. నిజంగానే ఉద్యోగి. మ్యాక్స్, అతను ఎదురుపడితే తుపాకులు గురిపెట్టుకునే ఉండి, రిటైర్మెంట్, సెలవులు, సంస్థ ఇచ్చే సౌకర్యాల గురించి మాట్లాడుకుంటారు. ఎదురెదురు కంపెనీల్లో పనిచేసే ఇద్దరు గుమస్తాలు అనుకోండి. పక్కనే కింగ్ మూడీ చేసిన ష్టార్కర్ నోటితో చిన్నపిల్లాడిలా శబ్దాలు చేస్తుంటే, కేయాస్‌లో ఇలాంటివి కుదరవు అని సీగ్‌ఫ్రీడ్ మందలిస్తాడు. ప్రపంచాన్ని నాశనం చేయబోయేవాడికి ఆఫీసు క్రమశిక్షణ ముఖ్యం. వ్యంగ్యం అంతా అక్కడుంది: రెండు పక్షాలూ ఒకే రకం గుమాస్తాగిరీ.

సినిమాలో టెరెన్స్ స్టాంప్ చాలా గొప్ప నటుడు, అయినా అతనికి రాసింది మామూలు విలన్ వేషం. చల్లగా చూస్తాడు, బెదిరిస్తాడు, చంపమంటాడు. ష్టార్కర్‌గా కెన్ డేవిటియన్ ఉన్నా, ఇద్దరి మధ్య ఆ మందలింపుల ఆట దాదాపు లేదు. అందుకే సీగ్‌ఫ్రీడ్ వచ్చిన ప్రతిసారీ సినిమా కాసేపు ఉత్త యాక్షన్ సినిమా అయిపోతుంది.

అయితే ఆ పాత స్ఫూర్తి పూర్తిగా పోలేదు. అది దలీప్ అనే రౌడీ పాత్రలోకి జారుకుంది. ఆ వేషం వేసింది మన కుస్తీ యోధుడు ది గ్రేట్ ఖలీ. మ్యాక్స్ మొదట్లో సహోద్యోగులకి విసుగు పుట్టేదాకా చెప్పేది ఇదే: శత్రువుల ఇంటి సంగతులు, దిగుళ్లు వినండి, వాళ్లూ మనుషులే అని. తర్వాత దలీప్ చేతిలో చావు తప్పని పరిస్థితిలో, అతని కాపురం గురించి తను విన్నదాన్ని ఆధారం చేసుకుని మాట కలుపుతాడు. అది పనిచేస్తుంది. చివర్లో సీగ్‌ఫ్రీడ్‌ని వదిలించేది కూడా దలీపే. సిరీస్‌లో సీగ్‌ఫ్రీడ్‌తో నడిచే ఆ ఉద్యోగుల కబుర్లకి ఇది కొత్త రూపం. మ్యాక్స్‌ని విశ్లేషకుడిగా ఎందుకు మార్చారని అడిగేవాళ్లకి ఈ ఒక్క సీను చూపిస్తే చాలు. సగంసీను గారు నిడివి లెక్కలు చెప్పే బదులు ఇది చెప్పి ఉండాల్సింది.

పాతపెట్టె:
రెండో ప్రశ్నకి నేను చెబుతాను. గుర్తులు చాలా ఉన్నాయి. ముఖ్యమైనవి మాత్రం రాస్తున్నా.

ముందు కార్లు. సిరీస్ మొదటి రెండు సీజన్ల టైటిల్స్‌లో మ్యాక్స్ దిగేది ఎర్రటి సన్‌బీమ్ టైగర్. తర్వాత ఫోక్స్‌వ్యాగన్ కార్మన్ గియా వచ్చింది, చివరి సీజన్‌లో ఓపెల్ జీటీ. సినిమాలో మూడూ ఉన్నాయి. టైగర్ మ్యూజియంలో కనిపిస్తుంది, తర్వాత మ్యాక్స్ దాన్నే వేసుకుని పారిపోతాడు. ఓపెల్ నడిపే మనిషి మొహం సరిగ్గా చూడండి, ఆయనే అసలు సీగ్‌ఫ్రీడ్ బెర్నీ కోపెల్. క్షణంలో అయిపోతుంది, చాలామంది గమనించరు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. టైగర్‌లో 4.3 లీటర్ల ఫోర్డ్ వీ8 ఇంజను ఉంటుంది, బానెట్ కింద చోటు అంతా అదే తినేస్తుంది. అందుకే సిరీస్‌లో బానెట్ లోంచి తుపాకి పైకి లేచే షాట్లకి, చూడ్డానికి అలాగే ఉండి చిన్న నాలుగు సిలిండర్ల ఇంజను ఉన్న సన్‌బీమ్ ఆల్పైన్ వాడారు. సినిమాలోనూ ఆల్పైన్‌కే టైగర్ వేషం వేసి, నిజమైన టైగర్ ఇంజను చప్పుడు రికార్డు చేసి కలిపారు.

తలుపులు. ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే ఇనప తలుపుల గుండా నడిచి, ఫోన్ బూత్‌లోకి వెళ్లి, కిందికి జారిపోవడం. ఆ టైటిల్ సీను ఆలోచన నిర్మాత లియొనార్డ్ స్టెర్న్‌ది. సినిమాలో చీఫ్ ఒక చిన్న సెస్నా విమానం తీసుకుంటాడు కదా, దాని పైలట్‌గా కనిపించిన పెద్దాయన స్టెర్నే. అక్కడ కాసేపు ఆపి చూడండి.

చెట్టు లోపల దాక్కుని, ఎవరైనా రెండు మాటలు మాట్లాడితే బాగుండు అన్నట్టున్న ఏజెంట్ 13, బిల్ మరే. సిరీస్‌లో డేవ్ కెచమ్ చేసిన ఏజెంట్ 13 ఇలాగే తపాలా డబ్బాల్లో, యంత్రాల్లో, మనిషి పట్టని ప్రతిచోటా ఇరుక్కుని చెమటలు కక్కుతూ సణుగుతుంటాడు. సినిమాలో నిడివికి చాలా చిన్న సీను, కానీ సిరీస్ ఆత్మ చెడకుండా దిగింది అక్కడే. హైమీ అనే రోబో కూడా చివర్లో వస్తాడు. పాతవాడు డిక్ గాటియర్, కొత్తవాడు ప్యాట్రిక్ వార్బర్టన్. ఫాంగ్ కుక్క, ఇర్వింగ్ జాత్‌మరీ కట్టిన పాత థీమ్ సంగీతం, మ్యాక్స్ బూటులో దాచిన ఫోను, ఇవి వెతక్కుండానే దొరుకుతాయి.

వెతకాల్సింది ఇంకొకటి ఉంది. సిరీస్ మొదటి ఎపిసోడ్ సంగీత కచేరీలో మొదలవుతుంది. అందరూ నిశ్శబ్దంగా వింటుంటే మ్యాక్స్ బూటు మోగుతుంది. సినిమా క్లైమాక్స్ లాస్ ఏంజెలిస్ వాల్ట్ డిస్నీ కన్సర్ట్ హాల్లో. బేతోవెన్ తొమ్మిదో సింఫనీ చివరి స్వరాలు మోగితే బాంబు పేలేలా అమర్చి ఉంటుంది. మ్యాక్స్ వేదిక మీదికి దూకి సంగీత నిర్దేశకుణ్ణి పడేసి ఆపుతాడు. అప్పుడూ ఇప్పుడూ మ్యాక్స్ చేసింది ఒకటే, కచేరీ చెడగొట్టడం. అప్పుడు నవ్వు కోసం, ఇప్పుడు ప్రాణాల కోసం.

వెండితెర_వీధి:
చాలా విలువైన సమాధానాలు, అందరికీ ధన్యవాదాలు. దలీప్ కోణం నాకు అసలు తట్టలేదు. 99 గురించి ఎవరూ చెప్పలేదు, ఆ పాత్ర మార్పు అభిమానులకి నచ్చిందా? అలాగే ఇందులోని బ్రూస్, లాయిడ్ పాత్రల మీద ఇంకో సినిమా ఉందట, చూడొచ్చా?

టైటిల్‌కార్డు:
99 విషయంలో అభిమానుల మాట రెండు రకాలుగా ఉంది. రెండూ సబబే.

సిరీస్‌లో బార్బరా ఫెల్డన్ 99 మ్యాక్స్ కంటే తెలివైంది. అది ప్రేక్షకులకి తెలుసు, ఆమెకి తెలుసు, మ్యాక్స్‌కి మాత్రం తెలియదు. ఆమే దారి చూపిస్తుంది. అతను అది తన ఆలోచనే అన్నట్టు అందుకుంటాడు. ఆమె చిన్నగా నవ్వి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడంలో ప్రేక్షకుడికీ ఆమెకీ మధ్య ఒక రహస్య ఒప్పందం ఉంటుంది. ఫెల్డన్ ఆడమ్స్ పక్కన పొడుగ్గా కనపడకూడదని చాలా షాట్లలో కాస్త వంగి, ఒరిగి నిలబడేది. గమనిస్తే ఆ ఒరుగుడు కూడా పాత్రలో భాగమైపోయింది.

సినిమాలో 99 అనుభవజ్ఞురాలు, మ్యాక్స్ కొత్తవాడు. ఆమె అతన్ని నేరుగా తిడుతుంది. 1965కీ 2008కీ మధ్య లోకం మారింది, తెలివైన ఆడమనిషి నోరు మూసుకుని నవ్వే పాత్ర ఇప్పుడు రాస్తే ఒప్పరు, ఒప్పకూడదు కూడా. కాబట్టి మార్పు సరైనదే. కానీ దానికి ఒక మూల్యం ఉంది. ప్రేక్షకుడు మనసులో అనుకోవాల్సిన మాట ఆమె పైకి అనేస్తుంది. జోకు పక్కనే జోకుకి వివరణ కూడా వచ్చేసినట్టు అవుతుంది. హాథవే చేసిన వాటిలో మాటలు తక్కువున్న సీన్లు గట్టిగా పండటానికి కారణం ఇదే. మాస్కోలో ఆయుధాల వ్యాపారి ఇంట్లో జరిగే డాన్సు చూడండి. ఆమె అతనితో డాన్సు చేస్తుంది. మ్యాక్స్ భారీకాయం ఉన్న ఒకమ్మాయిని పిలిచి, ఆమెతో అదరగొడతాడు. ఆ అమ్మాయిని ఎగతాళి చేస్తారేమో అని చూసేవాళ్లు బిగుసుకుంటారు, కానీ సీను ఆమెని గెలిపిస్తుంది. దూరంనుంచి 99 చూసే చూపులో పాత ఫెల్డన్ ఉంది.

వయసు తేడా మీదా ఫిర్యాదులు వచ్చాయి. ఆడమ్స్, ఫెల్డన్‌ల మధ్య పదేళ్లు. కారెల్, హాథవేల మధ్య ఇరవై. అందుకే 99 గుట్టు బయటపడి ప్లాస్టిక్ సర్జరీతో మొహం మార్చుకుందని కథలో పెట్టారు. ఆ ఒక్క ముక్క రెండు పనులు చేస్తుంది. ఏజెంట్లందరి వివరాలూ బయటపడ్డా ఆమెని ఎవరూ గుర్తుపట్టకపోవడానికి కారణం చూపిస్తుంది, ఆమె కనిపించేంత చిన్నది కాదనీ చెబుతుంది. చిన్న మేకుతో రెండు పలకలు బిగించారు, మంచి పనితనం.

బ్రూస్, లాయిడ్ సినిమా థియేటర్‌కి కాదు, నేరుగా డీవీడీకి తీసింది. అసలు సినిమా 2008 జూన్ 20న వస్తే ఇది జులై 1న వచ్చింది. మాసి ఓకా, నేట్ టోరెన్స్ ఇద్దరూ పెద్ద సినిమాలో పరికరాలు అందించే కుర్రాళ్లుగా కొద్దిసేపే బాగుంటారు. వాళ్లనే మొత్తం మోయమంటే బరువు ఎక్కువైంది. ఓకా, టోరెన్స్ అంటే ప్రత్యేకంగా ఇష్టం ఉంటే తప్ప అవసరం లేదు.

నల్లబూటు:
సగంసీను గారూ, బాణం సీనులో కళ్లు చిట్లించడం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. అది ధీమానే. నా అభ్యంతరం ఒక్కటే. ఆ టాయిలెట్‌లో అతనొక్కడే ఉన్నాడు. ఆడమ్స్ మ్యాక్స్ ధీమాకి ఎప్పుడూ ఎదురుగా ఒక సాక్షి ఉంటాడు: చీఫో, 99నో, విలనో. 'న్యూడ్ బాంబ్' ఎందుకు పోయిందో చెబుతూ ఈ మాట మీరే అన్నారు. సినిమాలో ఆర్కిన్, కారెల్ ఒకే ఫ్రేములో ఉన్న సీన్లు ఇంకో నాలుగు ఉంటే ఈ చర్చే వచ్చేది కాదు.

సగంసీను:
దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. చీఫ్‌ని చివరి భాగంలో బయటికి తెచ్చి విమానం ఎక్కించారు గానీ, నడిమి భాగమంతా మ్యాక్స్ రష్యాలో, చీఫ్ వాషింగ్టన్‌లో. కథ అలా విడగొట్టడం వల్ల వచ్చిన లోటే అది.

పాతపెట్టె:
మూడో ప్రశ్న మిగిలిపోయింది. మొదటి రెండు సీజన్లు గట్టివి. బక్ హెన్రీ స్క్రిప్టుల బాధ్యత చూసింది ఆ రెండేళ్లే. చివరిదైన అయిదో సీజన్ ఎన్‌బీసీ చానల్ వదిలేస్తే సీబీఎస్ చానల్ తీసుకుంది. అది చివర్లో చూసినా, చూడకపోయినా పరవాలేదు.

ఈ వరసలో చూడండి. ముందు 'మిస్టర్ బిగ్'. ఇదొక్కటే బ్లాక్ అండ్ వైట్, మిగతా అన్నీ రంగుల్లోనే. బూటు ఫోను, గుమ్మటాలు, పడవ బేరం, 99తో మొదటి పరిచయం, అన్నీ ఈ ఒక్కదానిలో ఉన్నాయి. చూసిన వెంటనే సినిమాలో కోన్ ఆఫ్ సైలెన్స్ సీను పెట్టుకోండి, నల్లబూటు గారు చెప్పిన తేడా పక్కపక్కన కనిపిస్తుంది.

తర్వాత అదే సీజన్‌లో 'బ్యాక్ టు ది ఓల్డ్ డ్రాయింగ్ బోర్డ్'. హైమీ తొలిసారి వచ్చేది ఇందులో. చెప్పిన మాటని ఉన్నదున్నట్టు అర్థం చేసుకునే రోబో పక్కన మ్యాక్స్ ఎలా కనపడతాడో చూడాలి. ఆ తర్వాత 'షిప్ ఆఫ్ స్పైస్' రెండు భాగాలు. హెన్రీకీ స్టెర్న్‌కీ రచనకి ఎమ్మీ తెచ్చిపెట్టింది ఇదే. కథ రెండు భాగాలు సాగినా జోకు పలచబడకుండా ఎలా ఉంచారో ఇందులో తెలుస్తుంది. సినిమా నిడివి గురించి సగంసీను గారి వాదనని దీనితో సరిచూసుకోవచ్చు.

రెండో సీజన్‌లో 'ఎ స్పై ఫర్ ఎ స్పై'. సీగ్‌ఫ్రీడ్ మొదటిసారి అడుగుపెట్టేది ఇక్కడే. రెండు సంస్థలూ ఒకరి మనుషుల్ని ఒకరు ఎత్తుకుపోతూ లెక్క సరిచేసుకునే కథ. మలుపుదారి గారు చెప్పిన గుమస్తాల వ్యవహారం ఇందులో పూర్తిగా దొరుకుతుంది. ఇది చూశాక సినిమాలో సీగ్‌ఫ్రీడ్‌ని కాకుండా దలీప్ సీన్లని చూడండి. వీలైతే నాలుగో సీజన్‌లో 'ది నాట్ సో గ్రేట్ ఎస్కేప్' రెండు భాగాలు కూడా, అందులో సీగ్‌ఫ్రీడ్ ఖైదీల శిబిరానికి అధికారి.

99 కోసం నాలుగో సీజన్‌లో పెళ్లి ఎపిసోడ్ 'విత్ లవ్ అండ్ ట్విచెస్'. ఆమె అసలు పేరు సిరీస్ మొత్తంలో ఖాయంగా ఎక్కడా చెప్పరు, పెళ్లిలో కూడా. సినిమావాళ్లూ ఆ కట్టుబాటు తప్పలేదు.

ఈ ఎనిమిది ఎపిసోడ్లకీ కలిపి మూడున్నర గంటలు చాలు. ఓపిక మిగిలితే 'ఎ మ్యాన్ కాల్డ్ స్మార్ట్' మూడు భాగాలు ఒకేసారి చూసి, వెంటనే సినిమా మళ్లీ చూడండి. మూడో భాగం మొదలయ్యేటప్పటికి మీ చేయి రిమోట్ వైపు పోతే సగంసీను గారి మాట నిజం. పోకపోతే నల్లబూటు గారిది.